టెంకాయ కొట్టిన చెయ్యి

సెప్టెంబరు 12

డీజిల్ ఆటో ఇచ్చేశాను. పద్దెనిమిదేళ్లు నా రోళ్లు, పొత్రాలు మోసిన బండి. ఆళ్లగడ్డలో రాయి చెక్కి నంద్యాలలో అమ్ముకునే నాకు అదే కాళ్లు. పొగ వదులుతుందంట. తుక్కుకు వేస్తే సబ్సిడీ మీద కరెంటు ఆటో ఇస్తామన్నారు ఆఫీసోళ్లు. ఆ ఆఫీసు పేరు ఇందులో రాయను, పేజీ దండగ.

వేలిముద్ర వేస్తావా పెద్దాయనా అని ఒకడు ఇంకు డబ్బా తోశాడు. నేను బడికి పోయింది రెండేళ్లే. అయినా రాళ్ల మీద ఊరందరి పేర్లు చెక్కిన చెయ్యి ఇది. నీ ఇంకు నీ మొహానికే పూసుకోరా అని చెప్పి సంతకం పెట్టాను.

సెప్టెంబరు 20

కొత్త బండికి చప్పుడు లేదు. దొంగ మాదిరి వస్తుంది. నీవు వచ్చేది తెలీకపాయనే, తిట్లు వినపడితే తెలిసె అంది నా పెళ్లాం రామేశ్వరమ్మ.

రోళ్లు వేసుకుని నంద్యాల చేరేసరికి చార్జింగ్ అయిపోతుంది. తిరిగి రావాలంటే అక్కడ ఎక్కించుకోవాల్సిందే. సంత పక్కన చార్జింగ్ బాక్సు పెడుతున్నారు. దాని శిలాఫలకం నన్నే చెక్కమన్నారు. పదకొండు పేర్లు. ఒక్కటీ పని చేసినవాడిది కాదు. కింద జానెడు ఖాళీ వదిలాను. ఇంకెవడైనా పెద్దమనిషి పుట్టుకొస్తాడేమోనని.

సెప్టెంబరు 29

ఓపెనింగ్. రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. మొదటి బండి నాదే గనక టెంకాయ నన్నే కొట్టమన్నాడు సబ్సిడీ ఇచ్చిన ఆఫీసరు. బాక్సు మీదనే కొట్టు పెద్దాయనా, ఫోటోలో బాగా పడాల అన్నాడు.

లైన్‌మన్ సాల్మన్ రాజు అడ్డం వచ్చాడు. ఆ బాక్సు బిగించింది ఆయనే, కాంట్రాక్టు ఉద్యోగం. తాతా, దాని మీద వద్దు, లోపలికి నీళ్లు పోతాయి, ఆడ కింద రాయి మీద కొట్టు అన్నాడు. నలభై ఏళ్లు రాయి కొట్టినోనికి నువ్వు చెప్తావేందిరా అన్నాను. అందరూ నవ్వారు.

ఒక్క దెబ్బకు రెండు చిప్పలు. చప్పట్లు కొట్టారు. నీళ్లు బాక్సు అంచున జారి లోపలికి పోయాయి. ఎవడూ చూడలేదు. నేను చూశాను. పచ్చ లైటు వెలిగింది, ఫోటోలు తీసుకున్నారు, మిక్చర్ పొట్లాలు పంచారు. ఖాళీ బండి గనక చార్జింగ్ ఎక్కించుకోకుండానే ఇల్లు చేరాను.

అక్టోబరు 4

ఆరు రోళ్లతో నంద్యాల పోయాను. బాక్సు చచ్చి ఉంది. ఆఫీసులో అడిగితే రేపు అన్నారు. డీజిల్ ట్రాక్టరుకు తాడు కట్టి ఆళ్లగడ్డ దాకా ఈడ్పించుకున్నాను. దాని పొగంతా నా మొహానికే కొట్టింది. థూ.

అక్టోబరు 9

రేపు అన్నారు.

అక్టోబరు 15

కంపెనీ మెకానిక్కు వచ్చి బాక్సు విప్పాడు. లోపల చీమలు. టెంకాయ నీళ్లు ఎండి జిగురు కట్టాయి, తీగలు మాడాయి.

ఆఫీసోళ్లు రిపోర్టులో ఏం రాశారో తెలుసా? లైన్‌మన్ మూత సరిగా బిగించలేదంట. వానలో తడిసిందంట. సాల్మన్ రాజును పనిలోంచి తీసేస్తారంట. ఓపెనింగ్ అయిన ఆ వారమంతా నంద్యాలలో చుక్క వాన లేదు.

అక్టోబరు 16

ఆఫీసరు దగ్గరికి పోయి టెంకాయ కొట్టింది నేను గదయ్యా అన్నాను. తలుపు మూశాడు. గమ్మునుండు పెద్దాయనా, నీ పేరు వస్తే కొట్టమన్న నా పేరు రాదా? సబ్సిడీ రద్దు చేసి బండి వెనక్కి తీసుకుంటా, బిరీన ఇంటికి పో అన్నాడు. ఏసీ గదిలో టీ ఇచ్చాడు. తాగాను. అది ఇంకా అసహ్యం.

అక్టోబరు 18

సాల్మన్ రాజు బస్సులో ఆళ్లగడ్డకు వచ్చాడు. అరవలేదు. ఆ పొద్దు నేను వద్దంటినా లేదా తాతా, ఆ ఒక్క మాట చెప్పు చాలు అన్నాడు. ఇద్దరు బిడ్డలు చదువుతాండారంట. నేను రోలు చెక్కుతున్నట్టు నటించాను. మజ్జిగ ఇస్తే తాగకుండా పోయాడు.

ఆఫీసరు నోరు మూయించాడు సరే. ఈ రోజు మూసింది నేనే. రామేశ్వరమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. పొద్దుటి నుంచి బండి తుడవలేదు. తాకబుద్ధి కాలేదు.

అక్టోబరు 22

పొద్దున పదింటికి, సంత నిండాక, ఉలి తీసుకుని శిలాఫలకం ముందు కూర్చున్నాను. నేను వదిలిన జానెడు ఖాళీలో చెక్కాను.

టెంకాయ బాక్సు మీద కొట్టింది నేను. వద్దన్నది సాల్మన్ రాజు. కొట్టమన్నది ఆఫీసరు.

కింద నా పేరు. పన్నెండోది. లోతుగానే చెక్కాను.

బండి తాళాలు బాక్సు మీద పెట్టి బస్సెక్కాను.