విరిగిందని చెప్పిన సైకిల్

బాంబూఫ్లాట్,
ఆదివారం.

కన్నారావు బావకి,

రత్నం నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్త, చిట్టితల్లి, నేను ముగ్గురం బాగున్నాం. ఆ చివరి దీవిలో, క్యాంప్‌బెల్ బేలో నువ్వు కూడా వేళకి తింటూ, ఒంట్లో బాగున్నావని అనుకుంటూ ఇది మొదలుపెట్టాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. హిందీ అక్షరాల్లో నువ్వు రాసిన తెలుగుని చిట్టితల్లి గడగడా చదివేసింది. నాకు వచ్చినవి తెలుగు అక్షరాలే. నువ్వు కూడబలుక్కుని చదవాలని తెలుసు. ఎంతసేపు పట్టినా సరే, నువ్వే చదువుకో. ఎవరిచేతా చదివించుకోకు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. అత్త మోకాలి వాపు తగ్గింది. జెట్టీ దాకా తనే నడిచి వెళ్ళి, చేపలు బేరమాడి తెస్తోంది. వంటగది మీద రేకు మార్పించాం, ఈ వానలకి ఒక్క చుక్క కారలేదు. చిట్టితల్లి నీ పాత చొక్కా కప్పుకుని పడుకుంటోంది. మొన్న దాన్ని ఉతికేశానని అలిగి ఒక పూట అన్నం తినలేదు. "నాన్న వాసన పోయింది" అంది. ఆ సంగతి నాకూ తెలిసింది గానీ పైకి అనలేదు.

సాయంత్రం ఫెర్రీ దిగినవాళ్ళు మన గుమ్మం ముందు నుంచే కదా పోతారు. ఎవరైనా సైకిల్ నడిపించుకుంటూ వస్తుంటే, ఆ చక్రం టికటికమనగానే చేతిలో పని ఆగిపోతోంది. నువ్వు వెళ్ళి పది నెలలైంది. నా చెవులకి ఇంకా అలవాటు కాలేదు.

ఇక నీ సైకిల్ సంగతి. ఎలా విరిగింది, నువ్వు పడ్డావా, దెబ్బ దాస్తున్నావా అని మూడుచోట్ల రాశావు. నేను పడలేదు బావా. సైకిల్ విరగనూ లేదు.

జరిగింది చెబుతాను. క్వార్టర్ నుంచి ఐస్ ప్లాంట్‌కి అంత దూరం నడవలేకపోతున్నాను, ఓడ మీద సైకిల్ పంపించమని నువ్వు ఫోన్ చేశావు కదా. మర్నాడే ఆయిల్ వేయిద్దామని తాతబ్బాయి సైకిల్ షాపుకి తీసుకెళ్ళాను. అతను కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ, సీటు కింది పైపు పెడల్స్ దగ్గర కలిసే చోట ఆగాడు. గోరుతో గీకాడు. పెయింట్ ఊడి, తుప్పు పట్టిన సన్నటి గీత బయటపడింది.

"ఇటు దేఖో దీదీ, ఫ్రేమ్ పగిలిపోనాది. ముగ్గురేసి ఎక్కి ఫెరార్గంజ్ దాకా తిరిగీవోరు కదా, ఎన్నాళ్ళని మోస్తాది?"

"బాగవదా భయ్యా?"

"ఎందుకవదు? గ్యాస్ పెట్టి ఇత్తడితో అతికీస్తాను. గురువారం ఓడకి అందీస్తాను, ఫికర్ మత్ కరో, దిగులెట్టుకోకు."

"వద్దు, అలాగే ఉంచెయ్యి" అన్నాను. సైకిల్ ఇంటికి నడిపించుకొచ్చి, వెనక వరండాలో పెట్టి టార్పాలిన్ కప్పేశాను. ఫ్రేమ్ రెండు ముక్కలైంది, ఇక పాత ఇనుముకే అని నీకు ఫోన్లో చెప్పాను. నువ్వు "సర్లే, నడుస్తాలే" అన్నావు. పెళ్ళైన పన్నెండేళ్ళలో నీతో నేనాడిన మొదటి అబద్ధం అది.

ఏడాది పని అని వెళ్ళావు. సైకిల్ అడిగిన రోజే, ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమని మేనేజర్ అడుగుతున్నాడని చెప్పావు. పెడతాననలేదు, పెట్టననలేదు. రెండు నెలల్లో వచ్చేవాడు సైకిల్ తెప్పించుకుంటాడా అని నాకు గుబులు పుట్టింది. అది లేకపోతే అక్కడ నడవలేకైనా వచ్చేస్తావనిపించింది. నాకు అంతకంటే తెలివైన ఆలోచన రాలేదు.

నీ మడమలు పగిలి నెత్తురొస్తోందని చిట్టితల్లి చదివినప్పుడు నేను కంచం పక్కకి నెట్టేశాను. అత్త అది చూసింది. పిల్ల బడికెళ్ళాక దగ్గరికొచ్చి కూర్చుంది.

"తాతబ్బాయి నిజంగా అతకనేనన్నాడేటే?"

అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"మీ మావ ఓడ పనికి ఎల్తానంటే ఓపాలి నాను సెప్పులు దాచీసినాను. ఒట్టి కాళ్ళతో ఎల్లిపోనాడు. సెప్పులుండిపోనాయి, మనిసాగనేదు" అంది. నా వైపు తిరిగి, "నీకు ఆడు కావాల. ఆ మాట ఆడికి సెప్పు. ఆడి కాళ్ళనెందుకు బాధెడతావు?" అంది.

మర్నాడే సైకిల్ మళ్ళీ తీసుకెళ్ళాను. అతికినంతసేపూ అక్కడే నిలబడ్డాను. తాతబ్బాయి బియ్యం బస్తా కట్టుకుని, జెట్టీ ఎత్తు మీదికి తొక్కి చూశాడు. అతుకు నిలిచింది. అయినా నువ్వు బరువులు కట్టకు, ఇంకొకరిని ఎక్కించుకోకు. ఉప్పుగాలికి పాడవకుండా అతుకు దగ్గర గ్రీజు రాస్తూ ఉండు. ఎత్తు ఎక్కేటప్పుడు కిర్రుమంటే వెంటనే దిగిపో.

ఈ ఉత్తరం వచ్చిన తర్వాతి ఓడలో సైకిల్ వస్తుంది. జెట్టీకి వెళ్ళి దించుకో.

ఇక అత్త చెప్పమన్న మాట. నువ్వు లేకుండా నాకు ఉండబుద్ధి కావడం లేదు. నన్నడక్కుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఉండాల్సిందే అనుకుంటే ఆ మాట రాయి. పిల్ల పరీక్షలవగానే అత్తతో సహా ముగ్గురం ఓడెక్కి వచ్చేస్తాం. అక్కడి బడి గురించి కనుక్కున్నాను కూడా. ఉండక్కర్లేదనుకుంటే మాత్రం ఆ సైకిల్‌ని తిరిగి మోసుకురావద్దు. నీలాగే నడిచి పనికెళ్ళేవాళ్ళకెవరికైనా ఇచ్చేసి, నువ్వొక్కడివే వచ్చెయ్యి. జెట్టీకి ఎదురొస్తాను, ఇంటిదాకా నడిచే వద్దాం.

ఇట్లు,
నీ మరదలు, నీ భార్య,
నూకరత్నం