ఉడత చింపని ప్రూఫులు

మయూర్ విహార్, ఢిల్లీ
12 జూన్ 2006

అనసూయకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తానని రాయడం అలవాటు. ఈసారి ఆ మాట రాయలేకపోయాను. నిన్న నీ ఉత్తరం అందింది. ఉత్తరమంతా మీ అక్కయ్య నాగేంద్రమ్మ వదినగారి చేతిరాత, కింద సంతకం ఒక్కటే నీది. అది పట్టుకుని చాలాసేపు వరండాలో కూర్చున్నాను.

అడిగినవాటికి జవాబులు చెబుతాను. వేపచెట్టు తొర్రలో గుడ్లు పెట్టి, మట్టితో తలుపు మూసుకుని కూర్చుందని ఫోన్లో చెప్పానే, ఇక్కడివాళ్లు ధనేష్ అనే ఆ పెద్దముక్కు పిట్ట పోయినవారం గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఇన్నాళ్లూ మొగుడు చిన్న సందులోంచి మేత అందిస్తే తింటూ కూర్చుంది కదా, రెక్కలు పట్టేసినట్టున్నాయి, కొమ్మ మీద తూలింది. పిల్లలింకా లోపలే ఉన్నాయి. ఇప్పుడు ఇద్దరూ తిరిగి మేత తెస్తున్నారు. ముంగిస మధ్యాహ్నం వంటింటి గుమ్మం దాకా వచ్చి, నువ్వు లేవని చూసుకుని, నన్ను ఖాతరు చెయ్యకుండా పోతోంది. మీటరు పెట్టె మీద పైడికంటె గుడ్లగూబలు రెండూ నేను ప్రూఫు చదువుతుంటే మెడ తిప్పి తిప్పి చూస్తాయి. నీళ్ల మూకుడు రెండుపూటలా నింపుతున్నాను, ఒట్టు.

తిండికి లోటు లేదు. పక్కింటి భాటియా ఆంటీ రొట్టెలు పంపుతోంది. గిన్నె ఇచ్చినప్పుడల్లా "భాయీసాబ్, దీదీ కబ్ ఆయేంగీ?" అని నువ్వెప్పుడొస్తావో అడుగుతుంది. జల్దీ అంటాను. ఆ ఒక్క మాటా అనేసి తలుపు వేసుకుంటాను.

కేశవరావుగారి కథల పుస్తకం బైండింగుకి వెళ్లింది. ముందుమాట ఇంకొక్కసారి మారుస్తానని ఆయన ఫోన్ల మీద ఫోన్లు. లక్ష్మీపతి రోజూ వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటాడు గానీ నీ కుర్చీ వైపు చూడడు. మనిద్దరం, టైపు చెయ్యడానికి వాడూ, వెనకాల ఈ పెరడూ, ఇంతేగా మన ప్రచురణ సంస్థ. పొద్దున్నంతా పిట్టల్ని చూసి ఎండెక్కాక పనికి కూర్చునేవాళ్లం. నువ్వు పైకి చదివేదానివి, నేను దిద్దేవాణ్ణి. మధ్యలో ఏదో కూత వినబడితే వాక్యం సగంలో వదిలేసి లేచిపోయేదానివి. పని చెడిపోతోందని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు నేనే చదువుకుని నేనే దిద్దుకుంటున్నాను, పని ఎక్కడా ఆగడం లేదు, అదే భరించలేకుండా ఉన్నాను.

ఇక మన పెరటి గురించి నువ్వు రాసిన పుస్తకం సంగతి. వదినగారూ, ఇక్కణ్ణుంచి కాస్త నిదానంగా చదివి వినిపించండి, మధ్యలో ఆపకండి.

ఉడతని తిట్టొద్దని రాయించావు, పాపం పిల్లల పక్క కోసం చింపుకుందని. అనసూయా, ఉడత ఏమీ చింపలేదు. పనికిరాని పాత కాగితం ఒకటి పీక్కుపోయిన మాట నిజం. దాన్ని పట్టుకుని నీ పెరటి పుస్తకం ప్రూఫులన్నీ పాడయ్యాయని ఫోన్లో కథ అల్లాను. అంతకుముందు మంచి కాగితం దొరకలేదన్నాను, బొమ్మలు మసకగా వచ్చాయన్నాను. అన్నీ అబద్ధాలే. నీ పుస్తకం నువ్వెళ్లిన కొన్నాళ్లకే, ఉగాదికే అచ్చుకి సిద్ధమైంది.

మీ అక్కయ్య దగ్గరికి తెనాలి రైలెక్కేటప్పుడు నువ్వేమన్నావు? "పుస్తకం పట్టుకునే రండి, లేకపోతే గుమ్మంలోకి రానివ్వను. అది కళ్లారా చూసి వెళ్లిపోతాను" అన్నావు. డాక్టరు చెప్పింది అప్పటికే ఇద్దరం విన్నాం. నా పాడు బుర్రకి ఒకటే తోచింది. పుస్తకం రాకపోతే నువ్వు వెళ్లవు. అందుకని కామాలు పెట్టించాను, తీయించాను, మళ్లీ పెట్టించాను. మొన్న లక్ష్మీపతి విసిగిపోయి కుర్చీలోంచి లేచాడు.

"అన్నా, ఈ కామా పొద్దున మీరే పెట్టమన్నారు, ఇప్పుడు మీరే తీసెయ్యమంటున్నారు. వదిన ఈ పుస్తకం చూసుకోవాలా వద్దా?"

"చూసుకుంటే వెళ్లిపోతుందిరా" అన్నాను.

వాడు మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి, "మీరిక్కడ కూర్చున్నా వెళ్తుందన్నా" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

ఆ మర్నాడే నీ ఉత్తరం. "నన్నిలా చూడ్డం ఇష్టం లేక రావడం లేదా?" అని అడిగావు. మీ అక్కయ్య చేత ఆ మాట రాయించడానికి నీకెంత కష్టమైందో. కాదు అనసూయా. నీ ముఖం చూడక నాకు పిచ్చెక్కినట్టుంది. నిన్ను ఆపుదామని ఇక్కడ కూర్చుని, నీ పక్కనుండాల్సిన రెండు నెలలూ నా చేతులారా పోగొట్టుకున్నాను. నా అంత తెలివితక్కువవాడు ఇంకొకడుండడు. నీకు నేను చేసిన అన్యాయానికి క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఈ పొద్దున పుస్తకం అచ్చుకి ఇచ్చేశాను. చేతికి రావడానికి పది పన్నెండు రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా ఆగను. ఎల్లుండి రైలుకి బెర్తు దొరికింది. పుస్తకాలు లక్ష్మీపతి వెనకాల తెస్తాడు, పిట్టల నీళ్లు భాటియా ఆంటీకి అప్పజెప్పాను. ఇదంతా ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేదు. లక్ష్మీ నగర్‌లో కోచింగు తీసుకుంటున్న మీ తెనాలి కుర్రాడు రవికిరణ్ ఇవాళ ఊరికి బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికిస్తున్నాను. నాకంటే ముందు ఇది నీ దగ్గరికి చేరుతుంది.

ఉత్త చేతులతో వస్తున్నాను. తిట్టడానికైనా ఉండు.

ఇట్లు,
మీ ఆయన