పెనం దించే వేళ

బోధన్, మంగళవారం

దీక్షితకు,

ఫోన్‌లో మొదలుపెడితే ఇద్దరం సగం సగం మాటలతో కొట్టుకుంటాం. అందుకే కాగితం. మా అన్న అతీఖ్ భాయ్ రోజూ నిజామాబాద్‌లో తన దుకాణానికి వస్తాడు కదా, మన ఆఫీసులో ఇచ్చి వెళ్తాడు.

ఊరికొచ్చిన దగ్గర్నుంచి కాలు ఒక్కచోట నిలవడం లేదు. టీ పెట్టుకుంటాను, తాగడం మరిచిపోతాను. కిటికీ దగ్గర కూర్చుంటాను, వెంటనే లేస్తాను. ఒంట్లో బాగాలేదా అని అమ్మీ అడిగితే కసురుకున్నాను. నీకు మాత్రం నిజం చెప్తాను. కడుపు రగిలిపోతోంది. తుకారాం గారి బెల్లం గానుగ కోసం నేను రాసిన ప్రోగ్రామ్‌ను నువ్వు ఒక్క మాటైనా అడగకుండా పక్కన పెట్టి, నీ పద్ధతిలో మళ్లీ రాసేశావు.

పెనంలో పాకం ముదిరి, దించాల్సిన సమయానికి గంట కొట్టడం, దాని పని అంతే. నేను స్ట్రీమ్ పద్ధతిలో రాశాను. వేడి కొలతలు ఒక్కొక్కటే వస్తుంటాయి, గానుగ నుంచి రసం కాలువలో పారినట్టు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పారుతూ పోతాయి. నీకది నచ్చదు. ప్రతి మెట్టూ లోపల ఏదో గుర్తుపెట్టుకుంటుంది, అదేమిటో బయటికి కనపడదు అంటావు. నీది ఫంక్షనల్ పార్టీ. కొలతలన్నీ ఒకేసారి ఫంక్షన్ చేతిలో పెట్టాలి, అది జవాబివ్వాలి. ఈ రోజు ఇచ్చినా వచ్చే ఏడాది ఇచ్చినా అవే కొలతలకు అదే జవాబు. అది దేన్నీ దాచుకోదు, దేన్నీ మార్చదు. బాగుంది, ఒప్పుకుంటాను. కానీ వాదించి గెలవొచ్చు కదా. కాలేజీ రోజుల నుంచి మనం వాదించుకోని రోజుందా? వాదించకుండా మార్చేశావంటే నన్ను లెక్కలోంచి తీసేశావనే అర్థం.

నేను దాచింది కూడా ఒకటుంది. హైదరాబాద్ కంపెనీ ఒకటి నన్ను రమ్మంది. శనివారం లోపు జవాబు చెప్పాలి. నీతో చెప్పడానికి నోరు రాక వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడా మొహమాటం పోయింది. సరేనని చెప్పబోతున్నాను. నీ ప్రోగ్రామ్‌ను తుకారాం గారి దగ్గర పెట్టి చూపించి, అంతటితో చేతులు దులుపుకుంటాను.

రిజ్వానా


బోధన్, గురువారం

దీక్షీ,

నా ఉత్తరం చించి పారేసినా సరే, ఇది చదువు. నీ దగ్గర్నుంచి జవాబు లేదని గేటు దాకా వెళ్లి రావడమే పనైపోయింది నాకు.

పొద్దున్నే తుకారాం గారి గానుగకు వెళ్లి నీ ప్రోగ్రామ్ పెట్టాను. పాకం ఉడికింది, ఎర్రబడింది, గంట మోగలేదు. "మిషిన్ జెప్పేదాంక దించొద్దన్నవ్ గద బిడ్డా" అని ఆయన నా మాట మీద ఆగారు. మాడు వాసన వచ్చింది. పెనం దించి, కొలతలు రావడం ఆగిపోయాక అప్పుడు మోగింది గంట. తెర మీద 'పాకం మాడింది' అని కూడా వచ్చింది. నీ లెక్క తప్పలేదు తల్లీ. కొలతలన్నీ వచ్చేదాకా అది ఆగింది, అంతే. నువ్వు పరీక్షించిందంతా పాత వంటల కొలతలతో, అవన్నీ ఎప్పుడో అయిపోయినవి కదా.

"మాడిందని జెప్పెతందుకు నా ముక్కు సాలదా?" అన్నారాయన.

నాకు లోపల్లోపల ఎంత సంతోషమైందో దాచను. వెంటనే నా ప్రోగ్రామ్ ఎక్కించాను. రెండో పెనానికి సరిగ్గా మోగింది. పొంగిపోయాను. తర్వాతి పెనంలో పచ్చి రసం పోయగానే మళ్లీ మోగింది. ముందటి పాకం వేడి నా మెట్లలో ఒకదాని కడుపులో అలాగే ఉండిపోయింది, నువ్వు ఎప్పుడూ భయపడ్డట్టే.

తుకారాం గారు నవ్వారు. "ఒకటేమో పెండ్లైనంక ముహూర్తం జెప్తది, ఇంకోటి పిల్లను సూడకముందే జెప్తది. మీ ఇద్దర్కి మాటల్లేవా బిడ్డా?"

చెరకు పిప్పి కుప్ప పక్కన కూర్చుని నీ పెద్ద ఫంక్షన్‌ను విప్పాను. లోపల చిన్న చిన్న ఫంక్షన్లు, ఎంత శుభ్రంగా రాశావో. వాటిని తీసి నా మెట్ల చోట పెట్టాను. గుర్తుంచుకోవాల్సిన వేడిని ఎవరి కడుపులోనూ దాచనివ్వలేదు, వచ్చే కొలతతో పాటే చేతికిచ్చి పంపాను. కొత్త పెనమైతే ఖాళీ చేతులే. పారడం నాది, లెక్క నీది. సాయంత్రం పాకానికి గంట సమయానికి మోగింది. ఆయన మోదుగాకులో పెట్టిచ్చిన బెల్లం ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

అయినా మనసు కుదురుగా లేదు. నీ సంగతి నాకు తెలుసు, అంతా కుదిరేదాకా నువ్వు ఏదీ బయటికివ్వవు. నేనంత ఆగలేను. నీ జవాబులో మొదటి మాట ఒక్కటే చూస్తాను. 'రా' అని ఉంటే హైదరాబాద్ వాళ్లకు రానని చెప్పేసి నిజామాబాద్ బస్సెక్కుతాను. ఇంకేదైనా ఉంటే అక్కడే మడిచిపెడతాను.

రిజ్వానా


నిజామాబాద్, శుక్రవారం

రా, రిజ్జూ.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పటి నుంచి జవాబు రాస్తున్నాను, చించుతున్నాను. నువ్వన్నట్టే, అంతా కుదిరాక పంపుదామనుకున్నాను. ఇవాళ అతీఖ్ అన్న పక్కనే నిలబడి "జల్ది రాయమ్మా, మా చెల్లె అన్నం తింటలేదు" అంటున్నాడు. ఎలాగూ మొదటి మాట చూసి బస్సెక్కేస్తావు, మిగతాది ఇప్పుడు చదవవు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

నువ్వు ఊరికెళ్లకముందే, నువ్వెలాంటి దానివో తెలుసుకోవడానికి హైదరాబాద్ వాళ్లు నాకే ఫోన్ చేశారు. ఇంతకంటే మంచి మనిషి దొరకదని చెప్పాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. నువ్వు చెప్తావని చూశాను, చెప్పలేదు. నేను అడగలేదు. నువ్వు వెళ్లిపోతే ఆ ప్రోగ్రామ్‌ను నేనొక్కదాన్నే చూసుకోవాలి. తెరిచి చూస్తే ఏ మెట్టు దేన్ని గుర్తుపెట్టుకుందో తెలియలేదు. తిరిగి అడుగుదామంటే పక్క కుర్చీలో నువ్వుండవు. అందుకే ఒంటరిగా ఉన్నా అర్థమయ్యేలా మళ్లీ రాసుకున్నాను. నిన్ను లెక్కలోంచి తీసేయడానికి కాదు రిజ్జూ, నువ్వు లేకుండా పని చేసుకోవడం నేర్చుకుందామని. అది కూడా మాడిపోయిందని నీ ఉత్తరం చూశాక తెలిసింది.

బెల్లం సగం తిన్నాను. మిగతా సగం నీ బల్ల మీద పెట్టాను. ఆలస్యం చేస్తే చీమలు పడతాయి.

నీ దీక్షిత