ఉలవల్లో ఉప్పు

గోదావరిఖని, 2008

గుర్రప్పందాల కమిటీ పెద్దలకు దండాలు. నాకు చదువు రాదు, పక్కింటి సుప్రజతో రాయిస్తున్నాను.

మొన్నటి పందెంలో మా గుర్రమెక్కిన అంజి లంచం తిని కళ్లెం బిగబట్టాడని, ఇక గుర్రమెక్కొద్దని మైకులో తీర్పు చెప్పారు. అది తప్పు. గుర్రాన్ని ఓడించింది నేను.

దానికి పొద్దున్నే ఉలవలు ఉడికించి పెట్టేది నేనే. ఎదుటి గుర్రం మీద పందెం కాసిన కాంట్రాక్టరు సదయ్య వచ్చి, "అవ్వా, దానికి దూపయ్యేటట్టు చెయ్యి. నీ కోడలు మమతకు నా క్యాంటీన్ల పని ఇస్త" అన్నాడు. ఉలవల్లో దోసెడు ఉప్పు కలిపాను. అది రెండు బకెట్ల నీళ్లు తాగి, ఆ కడుపుతో పరుగెత్తలేకపోయింది.

జనం అంజిని దొంగ అంటుంటే పక్కనే ఉండి నోరు మెదపలేదు. సాయంత్రం అంజి వచ్చి, "అవ్వా, నువ్వన్నా నన్ను నమ్ముతవా?" అన్నాడు. "నమ్ముత బిడ్డా" అన్నాను. అంతవరకే చెప్పాను.

ముసలిదాన్నని నన్ను వదలకండి. సదయ్యనూ పిలవండి, ఎదురుగా నిలబడి చెప్తాను. సంగతి తెలిసి మమత ఆ క్యాంటీన్ పని మానేసింది.

తల్లిలేని అంజి ఇప్పటికీ నా చేతి అన్నమే తింటున్నాడు. ఇది విన్నాక తినడు. అయినా మైకులోనే చదవండి.

ఇట్లు,
వేలిముద్ర