గొళ్ళెం వాక్యం హక్కుదారు

డెబ్భై నాలుగేళ్ల వయసులో, స్థిరచిత్తంతో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి చెల్లవు. అమలు బాధ్యత వకీలుగారిది.

1. ఇల్లూ సామానూ నా భార్యకు. బీరువా తాళం ఎప్పటినుంచో ఆమె దగ్గరే ఉంది కనుక కొత్తగా ఇచ్చేదేమీ లేదు.

2. రాతబల్ల మా అమ్మాయికి. చిన్నప్పుడు దాని కింద దూరి ఆడుకుంటుంటే కసిరి వెళ్లగొట్టాను. ఇప్పుడు దాని ముందు దర్జాగా కూర్చోవాలి.

3. గొడుగు మా బావమరిదికి. వానలో అడిగి తీసుకెళ్లి పదకొండేళ్లయింది. ఇక నన్ను చూసి దాచనక్కర్లేదు.

4. నా నవల మొదటి వాక్యం అందరికీ కంఠతా వచ్చు: "ఎత్తుకుపోవడానికి ఏముందని అమ్మ తలుపుకి గొళ్ళెం పెట్టేది కాదు, నాన్న ఆ తలుపులోంచే వెళ్లిపోయాడు." అది నాది కాదు. ప్రెస్సులో అక్షరాలు పేర్చిన కంపోజిటరుగారిది. నవలంతా ఇచ్చి, మొదటి వాక్యం ఒక్కటీ రేపిస్తా మాపిస్తా అని నెల నాన్చాను. చోటు ఖాళీగా ఉండకూడదని ఆయన తనకు తోచింది పేర్చి ఉంచారు. చివరికి నేను పంపిన సూర్యోదయ వర్ణన వాక్యం ఆయన బల్ల మీదే ఉండిపోయింది, ఆయన వాక్యం అచ్చయిపోయింది.

పెద్దవాడని కూడా చూడకుండా యజమాని ఎదుట ఏరా అని తిట్టి, ఉద్యోగం తీయించాను. ఆయన దుకాణాలకు బోర్డులు రాసి బతికారు. మూడు వారాలకు పత్రికలు ఆ వాక్యాన్ని ఆకాశానికెత్తాయి. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఎలా తట్టిందని అడిగినవాళ్లకు మా అమ్మ గురించి కథలు అల్లి చెప్పాను. ఆయన రెండు వీధుల అవతలే ఉంటారు. ఎదురైతే సిగ్గుతో సందు మారేవాణ్ణి. ఇకపై ప్రతి ముద్రణలో ఆ వాక్యం కింద ఆయన పేరు వేయాలి. ఇది కానుక కాదు, ఆయన సొత్తు.

5. మొహం చూసి చెప్పే ధైర్యం లేక, సాక్షి సంతకం కావాలని ఈ ఉదయం ఆయన్ను పిలిపించాను. కాగితం నా వైపే తిప్పి పెట్టుకున్నాను. అక్షరాలను తలకిందులుగా చదవడమే ఆయన పని అన్నది మరిచాను. బల్లకు అవతలినుంచే అంతా చదివేశారు. కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కటే అడిగారు: "ఇందులో మొదటి వాక్యమైనా మీరు రాసిందేనాండీ?"

వకీలుగారు చెబితే రాశానని ఒప్పుకున్నాను. ఈ నిబంధన పూర్తయ్యేదాకా కంపోజిటరుగారు కలం పట్టుకుని కూర్చునే ఉన్నారు.

తేదీ: పద్నాలుగు, మంగళవారం.

(సంతకం) నవలను రెండో వాక్యం మొదలుకొని రాసినవాడు

సాక్షులు:
1. మా వీధి డాక్టరుగారు
2. కంపోజిటరుగారు