నా కార్టూన్ ఇంగ్లీషు మీద కామెడీ ట్రాక్

1996, శుక్రవారం రాత్రి, కృష్ణానగర్

ఊరందరినీ ఏడిపించే నన్ను ఇవాళ నా నేస్తం, రైటరు సాంబడు ఏడిపించాడు. రోజూ పొద్దున్నే మా పాప పక్కన కూర్చుని, కేబుల్లో కార్టూన్లు చూస్తూ, దిండుని పిల్లో అనీ నిచ్చెనని లాడర్ అనీ నేర్చుకుంటున్న సంగతి వాడొక్కడికే, ఒట్టు వేయించుకుని మరీ చెప్పాను.

ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో షూటింగు. నాది ఎప్పట్లాగే గుంపులో వేషం. తీరా చూస్తే కమెడియన్ లుంగీలో టీవీ ముందు చతికిలబడి, కూతురితో పోటీపడి "లాడర్! లాడర్!" అని అరుస్తున్నాడు. ఆ ట్రాక్ రాసింది సాంబడే. మేమంతా కిటికీలోంచి చూసి పగలబడి నవ్వాలట.

నవ్వాను. నవ్వకపోతే మళ్లీ పిలవరుగా.

"ఆ మీసాలాయన నవ్వు భలే ఉంది, క్లోజప్ పెట్టండి" అన్నారు డైరెక్టరు గారు. ఇన్నేళ్లలో ఇదే నా మొదటి క్లోజప్.

"చూశావా బావా, అంతా నా చలవే! టీ ఇప్పించు" అన్నాడు సాంబడు.

"దొంగ వెధవా, నీకు దొరికింది నా ఇల్లేనా?"

వాడు పడీపడీ నవ్వాడు. నేను నిజంగా తిట్టినా వేళాకోళమే అనుకుంటారు.

క్లోజప్ మాట వినగానే పాప గంతులేసింది. మొదటి ఆటకే తీసుకెళ్లమంది. తెర మీద మా ఇద్దరి పాఠాలే చూసి, తను ఇంగ్లీషు నేర్పుతున్నందుకు నాన్నే అలా ఎగతాళిగా నవ్వుతున్నాడనుకుంటే...