గుడ్డ మీద జీన్ గారి పేరు

పెడనలో ఉన్న నాగమణక్కకి, ఇంగ్లండ్ నుంచి చెల్లెలు లక్ష్మి నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను కులాసా. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మకి దగ్గు తగ్గిందా? ఫోన్‌లో బావగారు పక్కనుంటే నువ్వు సగమే మాట్లాడతావు, అందుకే ఉత్తరం. ఇక్కడ రోజూ ముసురే. తెచ్చుకున్న గోంగూర పచ్చడి అడుగంటింది, ఎవరైనా వస్తుంటే పంపు. దిగులు పడకు, బాగానే ఉన్నాను.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో జీన్ గారని ఒక పెద్దావిడ ఉన్నారు. పెళ్లికి ముందు కంప్యూటర్ల ఫ్యాక్టరీలో చేశారు. అప్పట్లో కంప్యూటర్ లెక్కలు గుర్తుపెట్టుకునేది ఆవగింజంత రింగుల్లోనట. వాటిలోంచి సన్నటి రాగి తీగలు ఆడవాళ్లే చేత్తో గుచ్చేవారట. అలాంటివాళ్ల గురించి పెద్ద గుడ్డ మీద బొమ్మలు కుడుతున్న హెలెన్ అనే ఆర్టిస్టు వచ్చి అడిగితే, "నాదేముంది, కుట్టుపని లాంటిది. కంప్యూటర్ చేసింది ఇంజనీర్లు" అని జీన్ గారు ముఖం తిప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నం టీ ఇస్తూ మనింటి సంగతి చెప్పాను. నాన్న మగ్గం మీద నేస్తుంటే అమ్మ నూలు కండెలు చుట్టేది, నువ్వు తెగిన పోగులు అతికేదానివి, చీర చూసినవాళ్లు మాత్రం "మీ నాన్న ఎంత బాగా నేశాడే" అనేవాళ్లు.

"మరి మీ అమ్మ ఏమనేది?" అన్నారావిడ.

"ఆయన నేశారు, మనదేముందే, అనేదండీ."

ఆవిడ టీ కప్పు పక్కన పెట్టేశారు. "ఆ హెలెన్‌ని మళ్లీ రమ్మను" అన్నారు.

హెలెన్ మళ్లీ వచ్చినప్పట్నుంచి జీన్ గారూ నేనూ కూర్చుని, ఆ రింగుల బదులు గుడ్డ మీద కుట్టిన పూసల్లోంచి రాగి తీగ గుచ్చాం. తీగ జారితే ఆవిడ తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవారు. నువ్వు అద్ది పంపిన కలంకారీ గుడ్డే అంచుగా వేశాం. పేరు కుట్టే రోజున, పెళ్లికి ముందున్న ఇంటిపేరు వేయమన్నారు. "ఆ పని చేసింది ఆ పిల్ల" అన్నారు.

పోయిన శనివారం లైబ్రరీలో వేలాడదీశారు. వాళ్లబ్బాయి ఆ పేరు తడిమి చూసి, "ఇన్నేళ్లూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు. "నువ్వడగలేదుగా" అన్నారావిడ, నవ్వుతూ.

హెలెన్ నాకేం పనులు వచ్చో అడిగి, వారానికి రెండు రోజులు తన దగ్గర పనికి రమ్మంది. ఒప్పుకున్నాను. నాకేం వచ్చని ఈ దేశంలో ఒకరు అడగడం ఇదే మొదలక్కా.

అంచు అద్దిందెవరని కూడా అడిగింది. తన అద్దకం షెడ్డు పేరు వేయమని బావగారు అంటారు, నాకు తెలుసు. నేను మాత్రం ఆ అంచు మీద నీ పేరు కోసం చోటు వదిలిపెట్టించాను. నీ పేరు నీ చేత్తో తెలుగులో రాసి పంపు. నువ్వు రాసిన అక్షరాలు గుడ్డ మీదికి దించి, వాటి మీదే కుడతాను.

అమ్మానాన్నలకి, బావగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

నీ దీవెనలు కోరుకునే
లక్ష్మి